ఇంటి టీవీకి 120 హెర్ట్జ్.. మరి ఊరి తెరకు?

బస్టాండులో ఆర్టీసీ బస్సు ముందు భాగాన వెలిగే ఎల్‌ఈడీ బోర్డును ఫోన్‌తో ఫొటో తీసినవారిలో చాలామందికి ఒక వింత ఎదురై ఉంటుంది. కంటికి ‘విజయవాడ’ అని నిండుగా కనిపించిన పేరు ఫొటోలో సగమే వస్తుంది. అక్షరాల పైసగం ఉంటే కిందిసగం ఉండదు. మరోసారి తీస్తే ఇంకో ముక్క మాయమవుతుంది. ఫోన్‌లో లోపమేమీ లేదు, బోర్డూ చక్కగానే పనిచేస్తోంది. అసలు సంగతేమిటంటే ఆ బోర్డు ఏ క్షణంలోనూ మొత్తంగా వెలగదు. కొన్ని వరసలు వెలుగుతున్నప్పుడు మిగిలినవి ఆరిపోయి ఉంటాయి. ఆ వంతులు మారే వేగానికి కన్ను అన్నింటినీ కలిపేసుకుని ఒకే పేరుగా చదువుతుంది. కెమెరాకు అలా కలుపుకునే గుణం లేదు. సెకనులో ఏ వెయ్యో వంతు సేపో తెరుచుకుని, ఆ కాస్త వ్యవధిలో వెలిగిన వరసలనే పట్టుకుని మూసుకుంటుంది.

తెర మీద బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు మళ్లీ మళ్లీ వెలుగుతుందో చెప్పే లెక్కే రిఫ్రెష్ రేట్. దాన్ని హెర్ట్జ్‌లలో చెబుతారు. ఒకప్పుడు టీవీ మెకానిక్కులకూ ఇంజినీర్లకూ మాత్రమే పనికొచ్చిన ఈ మాట ఇప్పుడు ఫోన్ల దుకాణంలో ఇంటర్ చదివే పిల్లల నోట కూడా వినిపిస్తోంది. 60 హెర్ట్జ్ ఫోను వద్దు, 120 కావాలని పట్టుబడుతున్నారు. టీవీ కొనేటప్పుడు పెద్దలూ ఆ అంకెను చూస్తున్నారు. అదే కుటుంబం పెళ్లి వేదిక పక్కన ఎల్‌ఈడీ తెర పెట్టించినప్పుడు మాత్రం ఆ ఊసు రాదు. ఎంత ఎత్తు, ఎంత వెడల్పు, చదరపు అడుగుకు ఎంత.. అంతటితో బేరం తెగిపోతుంది. పురపాలక సంఘాలు, పార్టీలు, ఉత్సవ కమిటీలు, కళాశాలలు తెరలను అద్దెకు తెచ్చే తీరూ చాలావరకు ఇంతే. అంతగా అవసరం లేని చోట హెర్ట్జ్‌లకు డబ్బు పోస్తున్నారు. నిజంగా అవసరమైన చోట అడగడమే లేదు. ఈ తారుమారు సరికావాలి.

ముందుగా రెండు లెక్కలను విడదీసుకోవాలి. సెకనుకు ఎన్ని వేర్వేరు బొమ్మలు వస్తున్నాయన్నది ఫ్రేమ్ రేట్. వచ్చిన బొమ్మను తెర ఎన్నిసార్లు వెలిగిస్తోందన్నది రిఫ్రెష్ రేట్. ఈ తేడా ఎల్‌ఈడీలతో పుట్టింది కాదు. రీళ్ల కాలంలో సినిమా సెకనుకు 24 ఫ్రేములతో నడిచేది. 24 సార్లు మాత్రమే వెలిగిస్తే తెర కళ్లకు ఇబ్బంది కలిగేలా మిణుకుతుంది. అందుకని ప్రొజెక్టర్‌లో తిరిగే షటర్ ఒక్కో ఫ్రేమును రెండుసార్లు, కొన్ని యంత్రాల్లో మూడుసార్లు తెర మీద పడనిచ్చేది. అంటే బొమ్మలు 24, వెలుగులు 48 లేదా 72. టూరింగ్ టాకీసులో నేల టికెట్టు కొన్న ప్రేక్షకుడు హాయిగా సినిమా చూడగలిగింది ఆ ఏర్పాటు వల్లే. దూరదర్శన్ రోజుల పిక్చర్ ట్యూబు టీవీ కూడా అంతే. సెకనుకు వచ్చే 25 ఫ్రేములలో ఒక్కోదాన్ని రెండు సగాలుగా చీల్చి 50 సార్లు గీసేది.

కన్ను ఎక్కడ మోసపోతుందన్న ప్రశ్న ఈ దేశంలో చాలా పాతది. దీపావళి నాడు పిల్లలు కాకరపువ్వొత్తిని గిరగిరా తిప్పితే నిప్పుచక్రం కనిపిస్తుంది. అక్కడ ఉన్నది తిరిగే నిప్పుచుక్క ఒక్కటే. గౌడపాదుల మాండూక్య కారికలో నాలుగో ప్రకరణానికి అలాతశాంతి అన్న పేరు ఈ కొరివి చక్రం నుంచే వచ్చింది. ఆధునిక శాస్త్రం దానికి కొలతలు చేర్చింది. మామూలు పరిస్థితుల్లో 50 నుంచి 90 హెర్ట్జ్‌ల మధ్య ఎక్కడో మిణుకు కంటికి తెలియకుండా పోతుంది. ఆ హద్దు అందరికీ ఒకటి కాదు. వెలుగు పెరిగిన కొద్దీ హద్దూ పైకి జరుగుతుంది. పైగా సూటిగా చూసినప్పటి కంటే కంటి కొసల నుంచి చూసినప్పుడు మిణుకు బాగా తెలుస్తుంది. వేదిక మీద మాట్లాడే మనిషిని చూస్తున్నవారికి పక్కనున్న తెర ఏదో చికాకు పెడుతున్నట్లు అనిపించడానికి కారణం ఇదే. తిరిగి దాని వైపు చూస్తే ఏమీ తేడా కనిపించదు.

ఎల్‌ఈడీ తెర లోపల జరిగేది తెలిస్తే ఈ వ్యవహారమంతా విడిపోతుంది. అద్దె తెరలను చదరపు పలకలుగా తెచ్చి ఒకదానికొకటి బిగిస్తారు. వీటిని క్యాబినెట్లు అంటారు. బాగా వాడకంలో ఉన్న పీ3.91 రకంలో అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పు ఉన్న ఒక క్యాబినెట్‌లో అడ్డంగా 128, నిలువుగా 128 పిక్సెల్‌లు ఉంటాయి. పీ పక్కన ఉన్న అంకె రెండు పిక్సెల్‌ల మధ్య దూరం, మిల్లీమీటర్లలో. నాలుగు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు తెర కట్టాలంటే 48 క్యాబినెట్లు కావాలి. మొత్తం 7.86 లక్షల పిక్సెల్‌లు. ఒక్కో పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు ఎల్‌ఈడీలు. అంటే ఒక మోస్తరు పెళ్లి తెర మీద 23 లక్షలకు పైగా దీపాలు ఉంటాయి. ఇందులో నీలం రంగు ఎల్‌ఈడీ తయారు చేయడం ఎంత కష్టమైందంటే, దాన్ని సాధించిన ఇసాము అకసాకి, హిరోషి అమానో, షుజి నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ ఇచ్చారు.

ఇన్ని లక్షల దీపాలకు ఒక్కోదానికి విడిగా కరెంటు అందించే ఏర్పాటు పెడితే తెర ధర ఆకాశాన్ని అంటుతుంది. అందుకే వంతులు పెడతారు. ఒకే డ్రైవర్ ఐసీ మొదటి వరసను వెలిగించి ఆపుతుంది, తర్వాత రెండో వరస, ఆపైన మూడోది. పదహారు వరసలకు ఒక ఐసీ వంతు తిరిగితే దాన్ని 1/16 స్కాన్ అంటారు. అప్పుడు ఏ క్షణంలో చూసినా తెరలో పదహారో వంతు మాత్రమే వెలుగుతూ ఉంటుంది. స్కాన్ అంకె పెరిగే కొద్దీ ఐసీలు తక్కువ పడతాయి, తెర చౌకవుతుంది, ఒక్కో వరస ఆరి ఉండే సమయం మాత్రం పెరుగుతుంది.

దీనికి తోడు ఇంకో విషయం ఉంది. ఎల్‌ఈడీ వెలుగు తగ్గించడానికి కరెంటు తగ్గిస్తే రంగు తేడా వస్తుంది. కాబట్టి కరెంటును అలాగే ఉంచి, వెలిగే సమయాన్ని తగ్గిస్తారు. సగం వెలుగు కావాలంటే సగం సేపు వెలిగించి సగం సేపు ఆర్పుతారు. పదో వంతు కావాలంటే పదో వంతు సేపే వెలిగిస్తారు. తెర మీద కనిపించే ప్రతి రంగూ, ప్రతి నీడా ఇలా వెలిగి ఆరే వ్యవధుల లెక్కే. వధువు కట్టుకున్న పట్టుచీరలోని ముదురు మెరూన్ రంగు తెర మీద అచ్చంగా రావాలంటే ఆ వ్యవధిని చాలా సన్నని మెట్లుగా విడగొట్టాలి. 14 బిట్ల తెరలో అలాంటి మెట్లు 16,384 ఉంటాయి. 16 బిట్ల తెరలో 65,536.

ఇక్కడే పేచీ వస్తుంది. ఒక సెకనులో ఉన్న సమయం ఎంతో అంతే. దాన్ని రంగుల మెట్లకూ పంచాలి, వరసల వంతులకూ పంచాలి, రిఫ్రెష్‌లకూ పంచాలి. రిఫ్రెష్ రేట్ పెంచితే రంగుల మెట్లు తగ్గాలి. లేదంటే మరింత వేగంగా పనిచేసే ఐసీ కావాలి. ఖరీదైన ఐసీలు ఒక్కో పెద్ద వెలుగును చిన్నచిన్న తునకలుగా చేసి సెకను అంతటా చల్లుతాయి. చౌక ఐసీలు ఆ పని చేయలేవు. అందుకే రెండు తెరలు పక్కపక్కన పెడితే కంటికి ఒకేలా కనిపించినా, ధరలో తేడా ఉంటుంది. ఆ తేడాను దళారీ లాభమని కొట్టిపారేయడం తగదు. లోపలి సరుకు వేరు.

బజారులో తరచుగా వినిపించే అంకెలు 960, 1920, 3840. ఈ మధ్య 7680 కూడా చేరింది. ఇవి గాలిలోంచి వచ్చినవి కావు. సెకనుకు 60 ఫ్రేములు వస్తున్నాయనుకుంటే ఒక్కో ఫ్రేమును 16 సార్లు వెలిగిస్తే 960, 32 సార్లైతే 1920, 64 సార్లైతే 3840. కంటి హద్దు 90 దగ్గరే ఆగిపోతే ఇన్ని వేలు ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. ఎక్కువ భాగం జవాబు కెమెరాలో ఉంది.

960 హెర్ట్జ్ తెర ఒకసారి పూర్తిగా వెలిగి రావడానికి సెకనులో వెయ్యో వంతుకు కాస్త ఎక్కువ పడుతుంది. వెలుగు బాగా ఉన్న చోట ఫోన్ కెమెరా తనంతట తానే షటర్‌ను వెయ్యో వంతుకో అంతకంటే తక్కువకో కుదించుకుంటుంది. అంటే తెర ఒక చుట్టు పూర్తి చేసేలోపే ఫొటో అయిపోతుంది. కొన్ని వరసలు పడతాయి, కొన్ని పడవు. పైగా ఫోన్ కెమెరాలు దృశ్యాన్ని ఒక్కసారిగా పట్టవు, పై నుంచి కిందికి వరస వెంట వరస చదువుతాయి. తెర తన వరసలను ఒక వేగంతో మారుస్తుంటే, కెమెరా ఇంకో వేగంతో చదువుతుంది. ఆ రెండూ కలవని చోటల్లా నల్లని పట్టీలు పడతాయి. వీడియోలో అవి పైకో కిందికో పాకుతాయి. అదే 3840 హెర్ట్జ్ తెరైతే ఒక చుట్టుకు 0.26 మిల్లీసెకన్లు చాలు. వెయ్యో వంతు షటర్‌లో దాదాపు నాలుగు చుట్లు పడతాయి కాబట్టి పట్టీలు పోతాయి, లేదా కనిపించనంత పలచబడతాయి.

ఈ తేడా ఎవరికి నష్టమన్నది ఆలోచించాల్సిన విషయం. తెర అద్దెకు ఇచ్చినవారు తెల్లారేసరికి క్యాబినెట్లు లారీకి ఎక్కించుకుని వెళ్లిపోతారు. పెళ్లివారి దగ్గర మిగిలేది వీడియోనే. ముహూర్తం వేళ తాళి కడుతున్న దృశ్యం, వెనక తెర మీద నిలువెత్తు బొమ్మ, దాని మీద అడ్డంగా నల్లని గీతలు. ఆ వీడియోను అమెరికాలో ఉన్న అన్నయ్యకూ, దుబాయ్‌లో ఉన్న బాబాయికీ ప్రత్యక్ష ప్రసారం చేస్తున్నారు. ప్రయాణం కుదరని దగ్గరివాళ్లు ఆ పెళ్లిని చూసేది ఆ గీతల లోంచే. మళ్లీ తీయడానికి వీలున్న దృశ్యమైతే సరిచేసుకోవచ్చు, తలంబ్రాలు మళ్లీ పోయించలేరు కదా. అనుభవం ఉన్న వీడియోగ్రాఫర్ షటర్‌ను యాభయ్యో వంతుకు పెట్టి చాలావరకు గట్టెక్కిస్తాడు. అంత సేపు షటర్ తెరిచి ఉంచితే 960 హెర్ట్జ్ తెర కూడా 19 చుట్లు తిరిగేస్తుంది. కానీ ఫోన్లు పట్టుకుని నిలబడిన మూడొందల మంది అతిథులకు ఆ సంగతి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

బహిరంగ సభల్లో నష్టం ఇంకా పెద్దది. తెరలను ముందు వరసల వారి కోసం పెట్టరు, వేదిక కనిపించనంత దూరంలో నిలబడినవారి కోసం పెడతారు. సభను టీవీ చానళ్లు చూపిస్తాయి, డ్రోన్ కెమెరాలు పైనుంచి తీస్తాయి, హాజరైనవారు ఫోన్లలో పంచుకుంటారు. సభకు వచ్చినవారి కంటే దాన్ని ఏదో ఒక కెమెరా ద్వారా చూసేవారే ఎక్కువ. అలాంటి చోట కెమెరా కంటికి పనికిరాని తెరను కట్టడం ప్రజల సొమ్మును సగం పారబోయడమే.

రాత్రి సభల్లో మరో చిక్కు ఉంటుంది, దీన్ని చాలామంది గమనించరు. ఆరుబయట ఎండలో కనిపించేందుకు తయారైన తెరల వెలుగు 5 వేల నిట్స్ దాకా ఉంటుంది. అదే తెరను చీకటి పడ్డాక పూర్తి వెలుగుతో నడిపితే ముందున్నవారు చూడలేరు. ఆపరేటర్ దాన్ని ఐదో వంతుకో పదో వంతుకో దించుతాడు. వెలుగు తగ్గించడమంటే వెలిగే వ్యవధిని కుదించడమే కాబట్టి, సన్నని మెట్లన్నీ కింద కలిసిపోతాయి. నీడలు మరకలుగా మారతాయి. పగలు తీసిన వీడియోలో బాగున్న తెర రాత్రి మిణుకుతున్నట్లు కనిపించడం ఇందువల్లే. మంచి ఐసీలున్న తెర ఈ పరీక్షకు నిలుస్తుంది, నాసిరకానిది నిలవదు. కాబట్టి తెరను పరీక్షించాల్సింది గోదాములో మధ్యాహ్నం పూట కాదు, చీకటిలో వెలుగు తగ్గించి.

కెమెరా కోసం తెర ఎంత మెరుగవగలదో చూడాలంటే సినిమా పరిశ్రమ వైపు చూడాలి. 2019లో వచ్చిన ‘ది మాండలోరియన్’ ధారావాహిక కోసం ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ సంస్థ నటుల చుట్టూ 20 అడుగుల ఎత్తు ఎల్‌ఈడీ గోడ కట్టి, ఎడారినీ ఆకాశాన్నీ దాని మీదే చూపించి కెమెరాతో నేరుగా చిత్రీకరించింది. హైదరాబాద్‌లో అన్నపూర్ణ స్టూడియోస్ క్యూబ్ సినిమాతో కలిసి అలాంటి వేదికను తెలుగు చిత్రసీమకు తెచ్చింది. అక్కడ తెర, కెమెరా ఒకే తాళానికి నడుస్తాయి, షటర్ తెరుచుకునే క్షణానికి తెర చుట్టు సరిగ్గా మొదలవుతుంది. పెళ్లికి అంత ఏర్పాటు ఎవరూ కోరరు. కానీ ఆ విద్య మన నగరంలోనే ఉందన్నది గుర్తుంచుకోదగ్గ విషయం.

క్రికెట్ చూసేవారికి ఇదంతా తెలియకుండానే తెలుసు. పాత మ్యాచ్‌ల స్లోమోషన్ రీప్లేలలో మైదానం అంతా వెలుగుతూ తగ్గుతూ కొట్టుకున్నట్లు కనిపించేది. 50 హెర్ట్జ్ కరెంటుతో వెలిగే ఆనాటి ఫ్లడ్‌లైట్లు సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గేవి. సెకనుకు కొన్ని వందల ఫ్రేములు తీసే కెమెరా ఆ ఒడుదుడుకులను విడివిడిగా చూపించేది. బౌండరీ గీత వెంట ఉండే ఎల్‌ఈడీ ప్రకటన బోర్డులకూ ఇదే పరీక్ష. ప్రకటనదారు డబ్బు కట్టేది టీవీలో కనిపించడానికి కాబట్టి ఆ బోర్డుల రిఫ్రెష్ రేట్ గురించి అక్కడ గట్టిగా అడుగుతారు. ప్రకటనకు ఇచ్చే శ్రద్ధ పౌరుల సభకు కూడా దక్కాలి.

ఇక ఆరోగ్యం మాట. ఈ విషయంలో భయపెట్టే ప్రచారమూ ఉంది, పూర్తిగా కొట్టిపారేసే ధోరణీ ఉంది. రెండూ సరికావు. 1989లో బ్రిటన్‌లో ఆర్నాల్డ్ విల్కిన్స్ బృందం ఆఫీసు ఉద్యోగుల మీద జరిపిన పరిశోధన ఈ రంగంలో గట్టి ఆధారం. మామూలు చోక్‌తో సెకనుకు 100 సార్లు మిణికే ట్యూబ్‌లైట్ల బదులు, 32 వేల హెర్ట్జ్‌ల దగ్గర నడిచే ఎలక్ట్రానిక్ చోక్ ట్యూబ్‌లైట్లు పెట్టినప్పుడు తలనొప్పి, కంటి అలసట సగటున సగానికి పైగా తగ్గాయి. ఏ దీపం ఎప్పుడు మార్చారో ఉద్యోగులకు చెప్పకుండా చేసిన పరీక్ష అది. కంటికి కనిపించని మిణుకు కూడా ఒంటికి తెలుస్తుందని దాంతో తేలింది. 2013లో విల్కిన్సే మరొకరితో కలిసి, చూపును ఒక చోటి నుంచి మరో చోటికి చటుక్కున తిప్పినప్పుడు వెయ్యి హెర్ట్జ్‌లు దాటిన మిణుకు కూడా చుక్కల వరసలా కనిపించగలదని చూపించారు. రాత్రి రోడ్డు మీద ముందు పోయే కారు ఎల్‌ఈడీ టెయిల్ ల్యాంప్ చూపు తిప్పగానే చుక్కలు చుక్కలుగా సాగినట్లు అనిపించడం అదే.

ఐఈఈఈ సంస్థ 2015లో ఎల్‌ఈడీ దీపాల మిణుకు గురించి 1789 నంబరు మార్గదర్శకాలు ఇచ్చింది. దాని ప్రకారం 100 హెర్ట్జ్ దగ్గర వెలుగులో ఎగుడుదిగుడు 8 శాతం మించకపోతే ముప్పు తక్కువ. 1250 హెర్ట్జ్‌లు దాటాక పూర్తిగా ఆరి వెలిగినా ముప్పు తక్కువే. 3 వేలు దాటితే ప్రభావమే గమనించలేనంత. దీపాల కోసం రాసిన ఈ హద్దులు తెరలకు అచ్చంగా వర్తించకపోయినా, దారి చూపుతాయి. ఆ కొలతతో చూస్తే 960 హెర్ట్జ్ తెర గీతకు ఇవతల ఉండిపోతుంది, 1920 దాటుతుంది, 3840కి దిగులే లేదు. పెళ్లిలో మూడు గంటలు కూర్చున్నంత మాత్రాన ఎవరికీ ముప్పు రాదు. కానీ మైగ్రేన్ ఉన్నవారికి తేడా తెలుస్తుంది. తెర ఎదురుగా రోజంతా పనిచేసే రిసెప్షన్ ఉద్యోగి, కంట్రోల్ రూములో గోడంత తెరను కనిపెట్టుకుని ఉండే పోలీసు, తరగతి గదిలో డిజిటల్ బోర్డు చూసే పిల్లల సంగతి వేరు. అలాంటి చోట కొనుగోలుదారు ఈ అంకెను పట్టించుకోకపోవడం తప్పే.

ఒక అపోహను ఇక్కడే తొలగించాలి. 1997 డిసెంబరు 16న జపాన్‌లో పోకెమాన్ కార్టూన్ చూస్తూ దాదాపు 685 మంది ఆస్పత్రి పాలైన సంఘటనను రిఫ్రెష్ రేట్‌కు ముడిపెట్టేవారు ఉన్నారు. అక్కడ తప్పు తెరది కాదు, బొమ్మది. ఎరుపు, నీలం వెలుగులు సెకనుకు 12 సార్లు మారిమారి మెరిసేలా ఆ సన్నివేశం తీశారు. మూర్ఛను రేపే మెరుపులు ఆ తక్కువ వేగంలోనే ఉంటాయి. ఎంత మంచి తెర పెట్టినా, దాని మీద చూపే వీడియోలో అలాంటి మెరుపులుంటే ప్రమాదమే. గోడంత తెర మీద డీజే పాటలకు తగ్గట్టు ఎర్రని మెరుపులు పెట్టేవారు ఇది తెలుసుకోవాలి. సెకనుకు మూడు మెరుపులకు మించవద్దని అంతర్జాతీయ వెబ్ ప్రమాణాలు చెబుతున్నాయి.

ఇప్పుడు ఇంట్లోకి వద్దాం. దుకాణంలో ఎల్‌ఈడీ టీవీ అంటున్నది నిజానికి ఎల్‌సీడీ టీవీ. బొమ్మను చూపేది ద్రవ స్ఫటికాలు, వెనక నుంచి వెలుగిచ్చేవి ఎల్‌ఈడీలు. ఇక్కడ 120 హెర్ట్జ్ అంటే సెకనుకు 120 వేర్వేరు బొమ్మలను చూపగలదని. చూపగలదు సరే, చూపడానికి బొమ్మలేవి? టీవీలో వచ్చే క్రికెట్ ప్రసారం సెకనుకు 50 సార్లకు మించి కొత్త దృశ్యం ఇవ్వదు. సినిమా 24 దగ్గరే ఉంది. మిగిలిన బొమ్మలను టీవీ తానే ఊహించి మధ్యలో చేరుస్తుంది. దాంతో సినిమా కాస్తా సీరియల్ షూటింగులా నునుపుగా మారి, దర్శకుడు తీసిన కదలిక పోతుంది. 2018 డిసెంబరులో నటుడు టామ్ క్రూజ్, దర్శకుడు క్రిస్టఫర్ మెక్వారీ కలిసి ఈ సదుపాయాన్ని ఆపేసి సినిమా చూడండని వీడియోలో కోరింది అందుకే. మరుసటి ఏడాది టీవీ కంపెనీలు, స్టూడియోలు ఉన్న యూహెచ్‌డీ అలయన్స్ ‘ఫిల్మ్‌మేకర్ మోడ్’ను ప్రకటించింది.

120 హెర్ట్జ్ టీవీకి అసలు ప్రయోజనమే లేదని కాదు. 120ని 24 నిశ్శేషంగా భాగిస్తుంది, ఒక్కో ఫ్రేము సరిగ్గా ఐదుసార్లు పడుతుంది. 60లో అది కుదరదు. ఒక ఫ్రేము మూడుసార్లు, తర్వాతిది రెండుసార్లు వేసి సర్దాలి, కెమెరా పక్కకు తిరిగే సన్నివేశాల్లో కుదుపు వస్తుంది. ప్లేస్టేషన్ 5 వంటి యంత్రంతో ఆటలాడేవారికి 120 నిజంగానే పనికొస్తుంది. వార్తలు, సీరియళ్లు, క్రికెట్ చూసే ఇంటికి మాత్రం ఆ అదనపు వేలు వేరే చోట పెడితే మేలు. మంచి స్పీకర్ కొనుక్కోవచ్చు. ఇంకా బాధాకరమైంది ఏమిటంటే, పెట్టె మీద ‘మోషన్ రేట్’ వంటి పేర్లతో 120 అనో 240 అనో ఉన్నా లోపలి ప్యానెల్ 60 హెర్ట్జ్‌దే అయ్యుండవచ్చు. కంపెనీ సొంతంగా కట్టుకున్న ఆ లెక్కకు ప్యానెల్ వేగంతో సంబంధం ఉండాలనే నిబంధన లేదు. వినియోగదారుడు ఆ రెంటినీ ఒకటే అనుకుని డబ్బు కడుతున్నాడు.

2019 వినియోగదారుల రక్షణ చట్టం సరుకు నాణ్యత, ప్రమాణం గురించి తెలుసుకునే హక్కును కొనేవారికి ఇచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు తొలిసారి 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేసే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది. టీవీ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో చెప్పే బీఈఈ నక్షత్రాల లేబుల్ ఇప్పటికే అతికిస్తున్నారు. అదే లేబుల్‌లో ‘ప్యానెల్ అసలు రిఫ్రెష్ రేట్’ అని ఒక వరస చేర్చడానికి కొత్త యంత్రాంగం అక్కర్లేదు, కొత్త ఖర్చూ లేదు. ఐరోపా సమాఖ్య 2021 సెప్టెంబరు నుంచి దీపాల మిణుకుకు కొలతలు పెట్టి, హద్దు మీరినవాటిని అమ్మకుండా కట్టడి చేసింది. కరెంటు ఆదా కోసం ఉజాలా పథకంలో 36 కోట్లకు పైగా ఎల్‌ఈడీ బల్బులు పంచిన దేశానికి, వాటి మిణుకునూ తెరల మిణుకునూ కొలిచి చెప్పడం చేతకాని పని కాదు.

తెరలు అద్దెకు ఇచ్చేవారి వైపు నుంచి ఒక అభ్యంతరం వస్తుంది. అందరూ 3840 అడిగితే చిన్న పట్టణాల్లో పాత తెరల మీద పెట్టుబడి పెట్టినవారు ఏమవ్వాలి? ఆ మాటలో న్యాయం ఉంది. బట్టల దుకాణం ముందు అక్షరాలు పారే బోర్డుకూ, పెట్రోలు బంకు ధరల బోర్డుకూ 3840 అక్కర్లేదు. కెమెరాలు లేని చోట, దూరం నుంచి చూసే ప్రకటన తెరకు 1920 చాలు. ఎవరికి ఏది సరిపోతుందో చెప్పి, దానికి తగ్గ ధర తీసుకుంటే పాత సరుకుకూ గిరాకీ ఉంటుంది. తప్పల్లా 960 తెరకు 3840 ధర తీసుకోవడంలో ఉంది. ఆ అంకె కాగితం మీద లేనంత కాలం, నిజాయతీగా మంచి సరుకు తెచ్చినవారే బేరంలో ఓడిపోతారు.

తెరను పరీక్షించడానికి పరికరాలేమీ అక్కర్లేదు. ఫోన్ కెమెరాలో ప్రో మోడ్ తెరిచి షటర్‌ను వెయ్యో వంతుకు పెట్టి, తెర మీద బూడిద రంగు బొమ్మ వేయించి ఫొటో తీస్తే చాలు. నల్లని పట్టీలు దట్టంగా పడితే ఆ తెర పెళ్లికి పనికిరాదు. కంట్రోల్ చేసే ల్యాప్‌టాప్ సాఫ్ట్‌వేర్‌లోనూ రిఫ్రెష్ రేట్ అంకె కనిపిస్తుంది, చూపించమని అడిగే హక్కు డబ్బు కట్టేవారికి ఉంది. మంచి తెరను కూడా తక్కువ అంకెకు అమర్చి వదిలేసే సందర్భాలు ఉంటాయి కాబట్టి అడగడం మేలు. మోసపోయామనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

అన్నింటికంటే ముందు కదలాల్సింది ప్రభుత్వాలు. తెలుగు రాష్ట్రాల్లో పెద్ద తెరలను ఎక్కువగా అద్దెకు తెచ్చేవారిలో ప్రభుత్వ శాఖలు ఉన్నాయి. వాటి టెండరు పత్రాల్లో తెర కొలతలతో పాటు నాలుగు అంకెలు తప్పనిసరి కావాలి. అవి పిక్సెల్ పిచ్, రిఫ్రెష్ రేట్, స్కాన్, రంగుల బిట్లు. కెమెరాలు వచ్చే ప్రతి కార్యక్రమానికీ 3840 హెర్ట్జ్‌లకు తగ్గని తెర ఉండాలని, వెలుగు తగ్గించి రాత్రి పూట పరీక్షించాకే బిల్లు చెల్లించాలని షరతు పెట్టాలి. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఘాట్ల దగ్గర తొక్కిసలాట జరగకుండా జనాన్ని నడిపించే సూచనలు ఈ తెరల మీదే రావాలి, ఆ దృశ్యాలు కెమెరాల ద్వారానే కంట్రోల్ రూములకూ ఇళ్లకూ చేరాలి. ఆ తెరలకు టెండర్లు పిలవక ముందే ఈ షరతును పత్రాల్లో చేర్చాలి.